నీళ్ళు రాయి అయితే

రిజ్‌కల్లా మరిగిన నీళ్ళ బిందెను రాతి తొట్టిలోకి వంచాడు, ఆవిరి ఒక్కసారిగా లేచి గోడమీది బొమ్మలో, నదిలో నిలబడిన ప్రభువు మోకాళ్ళ దాకా కమ్ముకుంది, పోనీలే, ఈ తూబా నెల చలిలో ఆయనకూ కాస్త వెచ్చగా ఉంటుంది అనుకుంది హీలానా, అనుకున్నాక అదేం ఆలోచన అని తనను తానే కసురుకుని, మనవరాలిని శాలువాలోకి ఇంకాస్త పొదువుకుంది. పిల్ల పేరు యుస్తీనా. ఇవాళ్టికి సరిగ్గా ఎనభై రోజులు. మగపిల్లవాడైతే బాప్తిస్మం నలభయ్యో రోజునే అయిపోయేది. ఆడపిల్ల కనక ఎనభై ఆగారు, అన్నాళ్ళూ తల్లి చర్చి గడప తొక్కకూడదు. అందుకే కోడలు నెర్మీన్ ఇంకా అవతల పెద్ద తలుపు దగ్గరే తల వంచుకుని నిలబడింది, పక్కనే కొడుకు వగీహ్, ఆమె తలమీద శిలువ ఆనించి గురువు అబూనా సరబామోన్ శుద్ధి ప్రార్థన చదువుతున్నాడు, ఆ గొంతు స్తంభాల మధ్య తిరిగి తిరిగి తొట్టి ఉన్న ఈ చిన్నగదిలోకి వచ్చేసరికి మాటలు అరిగిపోయి రాగం ఒక్కటే మిగులుతోంది.

"ఏమమ్మా వగీహ్ తల్లీ," అన్నాడు రిజ్‌కల్లా, మోచెయ్యి నీళ్ళలో ముంచి చూస్తూ. ఈ చర్చికి దీపాలు, తాళాలు, గంట, నీళ్ళు అన్నీ అతనే. "పోయిన వారం గిర్గిస్ మనవడికి నీళ్ళు వేడెక్కువయ్యాయని వాళ్ళమ్మమ్మ నన్ను పట్టుకుని దులిపేసింది. ఇది బాప్తిస్మమా, పావురం కూరా అంది. నువ్వు ముందే చెప్పు, ఇంకో బిందె చన్నీళ్ళు పోయనా?"

"పొయ్యి. నెల కిందటే ఊపిరాడక పడ్డ పిల్ల."

"దానికేం, గుండ్రాయిలా ఉంది. మొన్న దాని ఏడుపు నది అవతలి గట్టు మీద గాడిదలు విన్నాయట."

హీలానా నవ్వింది గానీ చూపు తొట్టి మీంచి తియ్యలేదు. ఎందుకంటే ఈ పిల్ల నీళ్ళలో మునగడం ఇది మొదటిసారి కాదు, ఆ సంగతి ఈ లోకంలో తనకు తప్ప ఇంకొకరికి తెలియదు. నెల కిందట, పిల్లకు నలభై ఆరు రోజులప్పుడు, మిట్టమధ్యాహ్నం. వగీహ్ చక్కెర ఫ్యాక్టరీలో పనికి వెళ్ళాడు. నెర్మీన్ డాక్టరును తీసుకురావడానికి చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. ఇంట్లో తను, తన చేతుల్లో పిల్ల. దాని రొమ్ము ఎగిరి ఎగిరి పడుతోంది, పెదవులు వంకాయ రంగుకు తిరిగాయి, కళ్ళు ఎక్కడో ఇంటికప్పు అవతల దేన్నో చూస్తున్నాయి, ఆ చూపు హీలానా ఎరుగును, ఇంకొక బిడ్డ కళ్ళలో ఆ చూపును ఒకసారి చూసింది. స్టవ్ మీద మెంతుల నీళ్ళకని పెట్టిన కెటిల్ ఉంది. గుడ్డలుతికే అల్యూమినియం తట్ట ఉంది. గురువును పిలవడానికి మనిషి లేడు, పంపడానికి సమయం లేదు. ఆ తర్వాత తను ఏం చేసిందో ఆలోచించి చెయ్యలేదు, చేతులే చేశాయి. తండ్రి పేర ఒకసారి, కుమారుని పేర ఒకసారి, పరిశుద్ధాత్మ పేర ఒకసారి. మూడోసారి పైకి తీసేసరికి పిల్ల ముక్కులోంచీ నోట్లోంచీ చిక్కటి తెమడ ఊడిపడింది, గుక్కపట్టి, ఎర్రబడి, ఏడ్చింది. డాక్టరు వచ్చి సూది వేశాడు. ఊరంతా డాక్టరు హస్తవాసిని పొగిడారు. తను తట్టలోని నీళ్ళు పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో పోసి, తట్టను బోర్లించి పెట్టింది, అంతే.

అంతే అనుకుంటే అంతే అయ్యేది. కానీ ఆ చేతులకు అది మొదటిసారి కాదు. ఆ పని వాటికి తెలుసు, నలభై ఒక్క ఏళ్ళుగా తెలుసు, చిన్నప్పుడు నేర్చిన నేత పని చేతికి గుర్తున్నట్టు.

బవూనా నెల ఎండలు. ఎండకు పులిసే రొట్టెలు మిద్దె మీద వరసగా పెట్టింది, మట్టి పళ్ళేల్లో, అవి పొంగి పగుళ్ళు బారుతున్నాయి, కింద గదిలో వర్దాకు విరేచనాలు పట్టి మూడోరోజు. వర్దా, తన ఒక్కగానొక్క ఆడపిల్ల. వగీహ్‌కు అప్పుడు మూడేళ్ళు. ఏడో రోజు పండుగనాడు ఏడు కొవ్వొత్తులు వెలిగించి ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టారు, ఆఖరిదాకా కాలిన కొవ్వొత్తి పేరు వర్దా, అప్పుడు అత్త జవాహిర్ చప్పట్లు కొట్టి దీర్ఘాయుష్మంతురాలు అంది. ఇప్పుడు ఆ అత్తే గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. "అత్తయ్యా, గురువు దగ్గరికి తీసుకుపోనా? మీరన్నా తీసుకుపొండి." "ఏం మాట్లాడతావే? ఇవాళ్టికి యాభై మూడు. ఇంకా ఇరవై ఏడు ఉన్నాయి. లెక్క తెలియని ఇంటినుంచి వచ్చావా? మైల పిల్లను చర్చికి తీసుకుపోతే నా ముఖాన ఉమ్ముతారు." "పిల్ల పోతోంది అత్తయ్యా." "విరేచనాలకు ఎవరూ పోరు. బియ్యం గంజి పట్టు." అత్త చెడ్డది కాదు, హీలానా ఇవాళ్టికీ ఆ మాట ఒప్పుకుంటుంది, ఆ అత్తే బాలింతకు తన చేత్తో కోళ్ళు కోసి పెట్టింది, రాత్రుళ్ళు పిల్లను తన పొట్టమీద పడుకోబెట్టుకుంది, లెక్కకు మాత్రం భయపడింది, అంతే. గంజి కిందికి దిగలేదు. అత్త దూడకు గడ్డి వెయ్యడానికి లేచిన ఆ కాస్తంతసేపట్లో, తను తలుపు గడియ వేసి, రొట్టెపిండి కలిపే వెడల్పాటి మట్టి పళ్ళెంలో నీళ్ళు పోసి, వర్దాను ముంచింది. మూడుసార్లు. అవే పేర్లు. వర్దా ఏడవలేదు. ఏడవడానికి దాని దగ్గర ఏమీ మిగల్లేదు, నాలుక ఒకసారి చాచి తడిని నాకింది. పొద్దు వాలకముందే పోయింది.

ప్రార్థన లేకుండా పూడ్చారు. భర్త హబీబ్, అతని తమ్ముడు, నారింజపళ్ళ పెట్టెలో తీసుకుపోయారు, బాప్తిస్మం కాని బిడ్డకు చర్చిలో చదివేది ఏమీ లేదని. అలాంటి పిల్లలు బాధలో ఉండరు, వెలుగులోనూ ఉండరు అని చెప్పింది అత్త, ఓదార్పుగానే చెప్పింది, తల నిమురుతూ, పరలోకపు గోడ అవతల కూర్చుని ఉంటారట, పాటలు వినిపిస్తాయట, పాడేవాళ్ళ ముఖాలు కనిపించవట, పుట్టుగుడ్డివాళ్ళలాగా. నేను ముంచాను అత్తయ్యా అని అప్పుడే చెప్పొచ్చు. చెప్పలేదు. చెబితే, నువ్వెవరే ముంచడానికి, నీకు చేతి మీద గురువు అభిషేకం ఉందా, ఆడదానివి, మైల దానివి, అంటారు. అన్నాక ఆ కాస్తా పోతుంది. చెప్పకుండా ఉంటే అయిందేమో అనే ఒక్క గింజ లోపల మిగులుతుంది. ఆ గింజను నలభై ఒక్క ఏళ్ళు నీళ్ళు పోసి బతికించింది. అయితే ఒకనాడు, అప్పటికి పన్నెండేళ్ళు గడిచాక, కొత్తగా వచ్చిన ఒక గురువు ప్రసంగంలో మాటవరసకు అన్నాడు, ఎనభై రోజులు తల్లికమ్మా, బిడ్డకు కాదు, బిడ్డకు ప్రాణం మీదికొస్తే పుట్టిన గంటలోనైనా తీసుకురండి, నాయనమ్మ తెచ్చినా సరే, పొరుగింటావిడ తెచ్చినా సరే. పక్క బెంచీలో అత్త జవాహిర్ కూర్చుని ఉంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆ రోజునుంచి అత్త చచ్చిపోయేదాకా మాంసం ముట్టలేదు, ఎందుకని ఎవరడిగినా పళ్ళు లేవనేది.

యుస్తీనా కదిలింది. చిన్న పిడికిలి శాలువాలోంచి బయటికి వచ్చి గాలిని పట్టుకుని వదిలింది. ఓసి నా తల్లీ, నువ్వు నాకు ఎంత చిక్కు తెచ్చిపెట్టావే అనుకుంది హీలానా. ఆ చిక్కు ఇదీ. బాప్తిస్మం ఒక్కటే. రోజూ విశ్వాస ప్రమాణంలో ఒప్పుకునే మాటే అది, రెండుసార్లు ఇవ్వకూడదు, ఇస్తే శిలువను రెండోసారి వేసినంత పాపమంటారు. ఆనాటి తట్టలో నీళ్ళు ఈ పిల్లకు చెల్లి ఉంటే, ఇప్పుడు ఈ తొట్టిలో ముంచనివ్వడం తప్పు, ఆ తప్పు తెలిసీ నోరు మూసుకున్న తనదే. చెల్లకపోతే ఈ పిల్లకు ఏ బాధా లేదు, ఇవాళ మునుగుతుంది, వెలుగులోకి వస్తుంది. కానీ చెల్లకపోతే ఆ పిల్లకూ చెల్లలేదు. అవే చేతులు, అవే పేర్లు, అదే మూడుసార్లు. నోరు తెరిచి అడిగితే అబూనా ఒక్క మాటలో చెబుతాడు, చెల్లదమ్మా అంటాడు, అతను ఇంకోలా అనలేడు, ఆ మాట బతికున్న పిల్లమీద చెప్పినా వెళ్ళి పడేది గోడ అవతల కూర్చున్న పిల్లమీద. అందుకే నెలరోజులుగా అడగలేదు. అడగకుండా ఇవాళ్టిదాకా తోసుకొచ్చింది, ఇవాళ ఇక తొయ్యడానికి చోటు లేదు, ఎదురుగా తొట్టి ఉంది.

తొట్టిలో నీళ్ళు చూస్తూ నిలబడింది. నీళ్ళు ఊరికే ఉన్నాయి, ఉన్నట్టుండి పైకప్పు గవాక్షం తలకిందులుగా అందులో వణుకుతుంది. తన అమ్మమ్మ చెప్పేది, పిండి చరుస్తూ చెప్పేది, ఒక తల్లి ఉందట, ఇద్దరు కొడుకులను బాప్తిస్మానికి ఓడలో అలెగ్జాండ్రియాకు తీసుకొస్తోందట, నడిసముద్రంలో తుఫాను పట్టింది, పిల్లలు నీళ్ళు తగలకుండానే పోతారని ఆ తల్లి తన రొమ్ము గాటు పెట్టుకుని ఆ రక్తంతో వాళ్ళ నుదుట శిలువ గీసి, ఆ సముద్రంలోనే మూడుసార్లు ముంచిందట. తుఫాను తగ్గింది. ఒడ్డుకొచ్చారు. పెద్ద గురువు దగ్గరికి పిల్లలను తీసుకుపోతే, ఆయన వాళ్ళను ముంచబోయేసరికి తొట్టిలో నీళ్ళు గట్టిపడి రాయి అయిపోయాయట! వేరే పిల్లలను తెస్తే నీళ్ళు, ఈ పిల్లలను తెస్తే రాయి. మూడుసార్లూ అంతే. అప్పుడు ఆ తల్లి చెప్పింది, గురువు విన్నాడు, వీళ్ళకు పైవాడే ఇచ్చేశాడమ్మా, నేనివ్వడానికేం మిగల్లేదు అన్నాడు. అమ్మమ్మ ఆ మాట దగ్గర ముద్దను నేలకేసి టప్పున కొట్టేది. హీలానాకు ఆ చప్పుడు ఇప్పుడు వినిపించింది. నెలరోజులుగా తను ఎదురుచూస్తున్నది దేనికో తనకు తెలుసు, పైకి ఒప్పుకోలేదు గానీ తెలుసు. పిల్ల పాదాలు తగలగానే ఈ నీళ్ళు రాయి కావాలి. అయితే గురువు అడుగుతాడు, తను చెబుతుంది, ఊరంతా తెలుస్తుంది, వర్దా గోడ ఇవతలికి వస్తుంది. ఇంకో పక్క, చచ్చినా రాయి కాకూడదు, అయితే ఈ పిల్ల తెల్లగౌను, ఎర్ర రిబ్బను, కేకులు, చుట్టాలు, నెర్మీన్ ముఖం, అన్నీ ఏమైపోతాయి? రెండు కోరికలూ ఒకే నోటితో ఎలా అడగాలో తెలియక, నెలరోజులుగా ప్రార్థన మొదలుపెట్టడమూ మధ్యలో ఆపేయడమూ అయింది, తొట్టి అంచున నిలబడ్డ ఈ ఘడియలోనూ అంతే.

ఒకసారి వగీహ్‌ను అడిగింది, తిన్నగా కాదు, వంకరగా. పెద్ద ఉపవాసాల్లో చిక్కుడుగింజల పులుసు తింటున్నాడు. "ఏరా, శిలువ మీద ప్రభువు పక్కన వేలాడిన దొంగ ఉన్నాడు కదా, వాణ్ణి ఏ తొట్టిలో ముంచారు?" వగీహ్ రొట్టె నోట్లో పెట్టుకుంటూ, "వాడికి టైముందా అమ్మా? చేతులకు మేకులు కొట్టి ఉన్నాయి" అన్నాడు. "మరి పరదైసుకు పోయాడు కదరా, నీటితోనూ ఆత్మతోనూ పుట్టనిదే పోరన్నాక." "ఆయనే పక్కన ఉండి రమ్మన్నాడమ్మా. ఇంటాయనే చెయ్యి పట్టుకుని తీసుకుపోతే గేటు దగ్గర చీటీ ఎవడడుగుతాడు?" అని, తల ఎత్తి చూసి, "అయినా ఇప్పుడు నీకు దొంగల మీద బెంగెందుకు, ఏం దొంగిలించావేంటి?" అని నవ్వాడు. తనూ నవ్వింది. చెల్లెలి పేరు వాడికి తెలియదు. ఒక పిల్ల పుట్టి పోయిందని మాత్రం తెలుసు. బాప్తిస్మం కాని పేరును ఇంట్లో తలచుకోకూడదన్నారు, ఆ పేరు గాలిలో ఉంటే తర్వాతి బిడ్డలకు కీడట. తర్వాతి బిడ్డలు పుట్టనే లేదు.

అడుగుల చప్పుడయింది. సాంబ్రాణి వాసన ముందొచ్చింది, వెనక అబూనా సరబామోన్, నల్లగడ్డం, చలికి ఎర్రబడ్డ ముక్కు, వయసు వగీహ్ కన్నా రెండేళ్ళు తక్కువ, అయినా ఊరంతా తండ్రీ అని పిలవాల్సిందే. ఆయన వెనక నెర్మీన్, ఎనభై రోజుల తర్వాత మొదటిసారి చర్చి లోపలికి వచ్చిన కళ్ళతో అన్నీ కొత్తగా చూస్తోంది. పిల్లను తీసుకుని ఎడమచేతి మీద పడుకోబెట్టుకుంది, పడమటికి తిరిగి, కుడిచెయ్యి ఎత్తి, సైతానును విడిచిపెడుతున్నానని చెప్పింది, గొంతు సన్నగా వణికింది, రిజ్‌కల్లా హీలానా చెవిలో, "పడమటి పక్క వాళ్ళ అత్తగారున్నారు, అందుకే ఆ వణుకు" అన్నాడు, హీలానా మోచేత్తో పొడిచింది. తూర్పుకు తిరిగారు. విశ్వాస ప్రమాణం. ఒక్కటే బాప్తిస్మం అనే మాట దగ్గర అందరి గొంతులూ ఒకేలా లేచాయి, హీలానా పెదవులు మాత్రం ఆ ఒక్క మాట దగ్గర మూసుకున్నాయి, తర్వాత తెరుచుకున్నాయి.

ఇప్పుడైనా చెప్పాలి. "అబూనా, ఒక్క మాట," అంది. ఆయన నూనె సీసా మూత తీస్తూ ఆగాడు. "చెప్పమ్మా." వగీహ్ చూస్తున్నాడు. నెర్మీన్ చూస్తోంది. నెర్మీన్ మెడ మీద చిన్న నరం కొట్టుకుంటోంది, పాపం పిల్ల, ఈ రోజు కోసం గోడమీద బొగ్గుతో ఎనభై గీతలు గీసుకుంది. "నీళ్ళు... సరిపోతాయా అని." "ఎద్దును ముంచేటన్ని ఉన్నాయి" అన్నాడు రిజ్‌కల్లా. అబూనా నవ్వి, పుస్తకంలోకి తల దించాడు.

నీళ్ళ మీద ప్రార్థన చాలాసేపు పడుతుంది. నూనె శిలువ ఆకారంలో పడింది, పడి, తుంపులు తుంపులుగా విడిపోయి, బంగారు పైసల్లా తేలింది. ఆయన వంగి నీళ్ళ మీద ఊదాడు, ఒకసారి అటు, ఒకసారి ఇటు, నీళ్ళు ముడతలు పడి సర్దుకున్నాయి. పాత భాషలో చదువుతున్నాడు, ఆ భాష హీలానాకు ఒక్క ముక్క తెలియదు, తెలియకపోవడమే హాయిగా ఉంటుంది, అందులో దూరి ఎటు కావాలంటే అటు పోవచ్చు. పోయింది. నది ఒడ్డున ఉంది. వరద రోజుల నది, ఆనకట్ట కట్టకముందు నది, ఎర్రటి నీళ్ళు పొలాల మీదికి వచ్చేవి, ఖర్జూర చెట్లు నడుములోతు నీళ్ళలో నిలబడేవి, తను లంగా ఎత్తి పట్టుకుని నడుస్తోంది, నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, అటువైపు ఒక పొడుగాటి మట్టిగోడ, గోడ వారనే పిల్లలు, ఎంతమంది పిల్లలు, కూర్చుని తలలు ఒక పక్కకు వంచి వింటున్నారు, ఎవరూ ఏడవడం లేదు, ఎవరూ ఆడడం లేదు. వీళ్ళలో వర్దా ఎవరు? నలభై ఒక్క ఏళ్ళ మనిషై ఉండాలా, యాభై మూడు రోజుల పిల్లగానే ఉండాలా, అది ఎవరినీ అడగలేదు ఇన్నాళ్ళూ. పిల్లల ముఖాలన్నీ ఒకేలా ఉన్నాయి, పొంగిన పిండి ముద్దల్లా, ఇంకా కాలలేదు. తను పేరు పెట్టి పిలవబోయింది. పిలిస్తే తల తిప్పేది ఎవరో అదే. కానీ గొంతులోంచి రావడం లేదు, ఇన్నేళ్ళు పలకని పేరు గొంతులో చాకలిరేవు బండలా నానిపోయి ఉంది. అప్పుడు గోడ అవతల పాట మొదలైంది, పిల్లలందరూ ఒక్కసారే చెవులు రిక్కించారు, ఆ ముఖాల్లోకి ఆశ వచ్చింది, ఆ ఆశ చూడలేక తను కళ్ళు మూసుకుంది, మూసుకుంటే కళ్ళు తెరుచుకున్నాయి, అబూనా చేతులు మడిచిన చొక్కాతో ఎదురుగా ఉన్నాడు, నెర్మీన్ పిల్ల బట్టలు విప్పుతోంది.

ఆవగింజంతైనా గుడ్డ లేని యుస్తీనా. కాళ్ళు ముడుచుకుని, చలికి గింజుకుంటూ. అబూనా ఎడమచెయ్యి దాని మెడ కింద పెట్టాడు, కుడిచేత్తో కాళ్ళు పట్టుకున్నాడు. హీలానా తొట్టి అంచుకు ఎంత దగ్గరగా వెళ్ళిందంటే రిజ్‌కల్లా శాలువా కొంగు పట్టి వెనక్కి లాగాడు. రాయి. నీళ్ళు రాయి. కావాలి. వద్దు. పాదాలు దిగుతున్నాయి, బొటనవేలు, చీలమండ, నీళ్ళు విడి దారి ఇచ్చాయి. తండ్రి పేర, నడుము దాకా. పైకి. కుమారుని పేర, మెడ దాకా. పైకి. ఇంకా ఒకటుంది, ఆ కథలో మూడోసారి కూడా రాయే అయింది, ఇంకా ఒకటుంది. పరిశుద్ధాత్మ పేర. తల మునిగింది, జుట్టు నాచులా ఒక్క క్షణం తేలింది, నీళ్ళు పిల్లమీద మూసుకున్నాయి, మెత్తగా, మామూలుగా, ఏ ఇంటి బిందెలోని నీళ్ళైనా మూసుకున్నట్టు. పైకి. ఏడుపు చర్చి కప్పు ఎగిరిపోయేలా లేచింది, వగీహ్ గట్టిగా నవ్వాడు, నెర్మీన్ కళ్ళు తుడుచుకుంది, ఎవరో అవతలి గదిలో నాలుక ఆడించి జయధ్వని చేశారు. హీలానా ముఖం మీద నాలుగు చుక్కలు పడ్డాయి. పిల్ల బతికింది. పిల్లకు వెలుగు దొరికింది. ఏ పాపమూ జరగలేదు. తను ఆనాడు చేసింది ఒట్టి స్నానం. రెండుసార్లూ ఒట్టి స్నానమే. సంతోషం నిజంగానే వచ్చింది, అది వచ్చిన దారినే వర్దా ఇంకోసారి చచ్చిపోయింది, ఈసారి చేతుల్లో బరువైనా లేకుండా.

తువ్వాలులో చుట్టిన పిల్లను నెర్మీన్ తీసుకుంది. అబూనా తొట్టిపైన చేతులు కడుక్కున్నాడు, చుక్క కింద పడకుండా. ఇక మిగిలింది నీళ్ళను విడుదల చెయ్యడం. ఆ ప్రార్థన చదివితే నీళ్ళు తమ పాత గుణానికి పోతాయి, ఉత్త నీళ్ళవుతాయి, అప్పుడు బిరడా లాగితే భూమిలోకి ఇంకిపోతాయి, ఆ తర్వాత ఇక ఎవరినీ అందులో ముంచడం ఉండదు. అందుకని ఎప్పుడూ ముందు ఒకసారి అడుగుతారు. రిజ్‌కల్లా గుమ్మం దాకా వెళ్ళి బయటికి కేకేశాడు. "ఇంకెవరైనా ఉన్నారా? పిల్లలను తెచ్చినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

"ఉంది," అంది హీలానా.

అబూనా తల తిప్పి ఆమె చేతులవైపు చూశాడు, తర్వాత ఆమె వెనక చూశాడు. "ఎవరమ్మా? బిడ్డేదీ?"

"వర్దా." పేరు వచ్చేసింది, తేలిగ్గా, నోట్లోంచి గింజ జారినట్టు. "యాభై మూడు రోజులు."

"అత్తయ్యా?" అంది నెర్మీన్. వగీహ్ నవ్వు సగంలో ఆగిపోయింది.

చెప్పింది. ఎక్కువ మాటలు పట్టలేదు, ఇన్నేళ్ళు ఇంత పెద్దగా ఉన్నది చెప్పబోతే గుప్పెడంతే ఉంది. మట్టి పళ్ళెం సంగతి, తట్ట సంగతి, అత్త చెప్పిన గోడ సంగతి. "ఈ పిల్లకు నా నీళ్ళు చాలలేదు అబూనా. చూశాను. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. మరి దానికి?"

"నీళ్ళు గట్టిపడతాయని చూశావా అమ్మా?"

"చూశాను."

ఆయన గడ్డం తుడుచుకున్నాడు. కోప్పడతాడనుకుంది. "నేను వచ్చి పదకొండేళ్ళు. ఒక్కసారీ గట్టిపడలేదు." నూనె సీసాకు మూత పెట్టాడు. "ముందే చెప్పి ఉంటే నిన్ను గట్టిగా కేకలేసి, ఈ పిల్లను ఇలాగే ముంచేవాణ్ణి. గురువు చెయ్యి లేనిది బాప్తిస్మం కాదు. నిన్ను ఓదార్చడానికి అది మార్చి చెప్పలేను."

"తెలుసు."

"కాదని చెప్పడం వరకే నా పని. కాలేదు కనక ఆ బిడ్డ ఎక్కడుంది అంటే, అది నాకు చెప్పి పంపలేదు. నాకు ఈ తొట్టి ఇచ్చారు, దీని అంచుదాకా ఏం చెయ్యాలో నేర్పారు. అంచు అవతల ఆయన ఎవరిని చెయ్యి పట్టుకు తీసుకుపోయాడో నేనెరగను. ఎరుగుదునని చెప్పేవాళ్ళ మాట, మీ అత్తగారైనా సరే, నువ్వు నమ్మకు."

హీలానా తల ఊపింది. అది ఓదార్పో కాదో తెలియలేదు. వగీహ్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు, నలభై నాలుగేళ్ళ మనిషి, నోరు తెరిచి, "వర్దా" అన్నాడు, రుచి చూస్తున్నట్టు.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు అబూనా. "లేని బిడ్డను ముంచలేను."

"ఏమీ వద్దు. నీళ్ళను కాసేపు వదలకండి, అంతే."

అవతల జనం గొణుగుతున్నారు, పూజ ఆలస్యమవుతోందని. రిజ్‌కల్లా గుమ్మంలోంచి చూసి, మొదటిసారిగా ఏ హాస్యమూ ఆడకుండా, తలుపు దగ్గరికి వేసి బయటే నిలబడ్డాడు. అబూనా పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. పవిత్రం చేసిన నీళ్ళను మామూలు మనిషి ముట్టకూడదు, అది హీలానాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆయన గోడవైపు తిరిగి, అక్కడి బొమ్మను మొదటిసారి చూస్తున్నవాడిలా చూస్తూ నిలబడిపోయాడు.

ఆమె చొక్కా చెయ్యి పైకి తోసుకుని, అరచెయ్యి నీళ్ళలోకి దించింది. గోరువెచ్చగా ఉన్నాయి. వేళ్ళు కొంచెం విప్పి, వెల్లకిలా, పసిపిల్ల మెడ కింద పట్టే తీరున పట్టింది. అందులో ఏ బరువూ లేదు. ఉన్నట్టు కూడా అనిపించలేదు. లేకపోయినా చెయ్యి అలాగే ఉంచింది. నూనె చుక్కలు వచ్చి మణికట్టు చుట్టూ చేరాయి, కదిలాయి, మళ్ళీ చేరాయి. పేరు చెప్పలేదు, ఏ పేర్లూ చెప్పలేదు, అవి చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. ఎవరూ దగ్గలేదు. యుస్తీనా కూడా ఏడుపు మాని తల్లి భుజం మీద వెక్కుతోంది. ఎంతసేపో తెలియదు. ఆవిరి ఆగిపోయింది, రాయిలోని చల్లదనం నెమ్మదిగా నీళ్ళలోకి ఎక్కుతోంది, ముందు చేతి వెనక తెలిసింది, తర్వాత వేళ్ళ సందుల్లో.

"ఇక చాలు అబూనా," అంది హీలానా, చెయ్యి పైకి తీస్తూ. "పిల్లకు చలేస్తుంది. వదిలేయండి."

అబూనా ఇటు తిరిగి పుస్తకం తెరిచాడు.